కారు ఆడియోకి పవర్ వైరింగ్: ఏ వైరు, ఏ ఫ్యూజు, ఏ థింబుల్?

యాంప్ (స్పీకర్లకు పవర్ ఇచ్చే యాంప్లిఫయరు) కొనేముందు నాలుగు షాపులు తిరిగిన మనిషి కూడా వైరింగ్ కిట్ దగ్గరికొచ్చేసరికి ‘ఏదో ఒకటి వేసెయ్యండి’ అంటాడు. సబ్ (బేస్ కొట్టే సబ్‌వూఫరు) మోగినప్పుడల్లా హెడ్‌లైట్లు మిణుకుమంటాయి. అరగంట పాటలు వినగానే ప్రొటెక్ట్ లైటు వెలిగి యాంప్ ఆగిపోతుంది. ఫ్యూజు హోల్డరు ప్లాస్టిక్ మెత్తబడి వంకర తిరుగుతుంది. ఈ మూడింటికీ మూలం చాలాసార్లు ఆ ‘ఏదో ఒకటి’లోనే ఉంటుంది.

ముందు ఆంపియర్లు తేల్చుకోండి

డబ్బా మీది వాట్లను పక్కన పెట్టండి. యాంప్ ఒంటిమీద ఉన్న ఫ్యూజులు చూడండి. 30 ఆంపియర్ల ఫ్యూజు ఒక్కటే పెట్టి ‘2000 వాట్స్’ అని రాస్తే అది అబద్ధం. 30ని 13.8 వోల్టులతో గుణిస్తే లోపలికి వెళ్లేదే 414 వాట్లు. తక్కువ కరెంటు వృథా చేసే క్లాస్ డి రకం యాంప్ అయినా అందులో 330 దాకానే బయటికి ఇస్తుంది. మాన్యువల్‌లో ఆర్‌ఎంఎస్ అంకె, అంటే యాంప్ నిలకడగా ఇవ్వగల పవర్, వెతకండి. యాంప్ పవర్ కొలిచే ప్రమాణం సీఈఏ 2006 ప్రకారం అని ఉంటే ఇంకా నయం. అంటే 14.4 వోల్టుల దగ్గర, 4 ఓమ్‌ల లోడుకి, 1 శాతం లోపు డిస్టార్షన్‌తో కొలిచారన్నమాట.

మన ఊళ్లలో ఎక్కువగా కనిపించే సెటప్ ఒకటి తీసుకుందాం. స్విఫ్ట్ సైజు హ్యాచ్‌బ్యాక్. డోర్ స్పీకర్లకు చానెల్‌కి 60 వాట్ల చొప్పున 4 చానెల్ క్లాస్ ఏబీ యాంప్, సబ్‌కి 500 వాట్ల క్లాస్ డి మోనో (ఒకే చానెల్ యాంప్). క్లాస్ ఏబీ సామర్థ్యం 55 శాతం అనుకుంటే 240 వాట్లకు సుమారు 32 ఆంపియర్లు లాగుతుంది. క్లాస్ డిని 80 శాతం అనుకుంటే 500 వాట్లకు 45. రెండూ కలిపి 77 ఆంపియర్లు. ఇది శిఖరం లెక్క. పాటలు వింటున్నప్పుడు సగటు ఇందులో మూడోవంతు ఉండొచ్చు. వైరు వేడెక్కడం సగటు మీద ఆధారపడుతుంది, బేస్ కొట్టినప్పుడు వోల్టేజీ కుంగడం శిఖరం మీద ఆధారపడుతుంది. అందుకే వైరుని 77కే ఎంచుకోవాలి.

బ్యాటరీ నుంచి డిక్కీ దాకా వైరు పొడవు హ్యాచ్‌బ్యాక్‌లో సుమారు 5 మీటర్లు, సెడాన్‌లో ఆరు దాకా. ఆ 5 మీటర్లలో, 77 ఆంపియర్ల దగ్గర, ఏ వైరులో ఎంత వోల్టేజీ పోతుందో చూడండి (గేజు అంటే వైరు లావు చెప్పే అంకె, సీసీఏ అంటే రాగి తొడుగున్న అల్యూమినియం):

| వైరు | 5 మీటర్ల నిరోధం | పోయే వోల్టేజీ |
|---|---|---|
| రాగి, 10 చదరపు మి.మీ. | 9.6 మిల్లీ ఓమ్‌లు | 0.74 |
| రాగి, 16 చదరపు మి.మీ. | 6.1 | 0.47 |
| రాగి, నికరమైన 4 గేజు (21 చ.మి.మీ.) | 4.1 | 0.31 |
| రాగి, 25 చదరపు మి.మీ. | 3.9 | 0.30 |
| సీసీఏ, నికరమైన 4 గేజు | సుమారు 6.3 | 0.49 |
| ‘4 గేజు’ పేరుతో 10 చ.మి.మీ. సీసీఏ | సుమారు 13.4 | 1.03 |

10, 16, 25 వరుసల అంకెలు ఐఎస్ 8130 మెత్తటి కండక్టర్లకు పెట్టిన గరిష్ఠ పరిమితులు. ఆ ప్రమాణం ప్రకారం చేసిన వైరు అంతకంటే చెడ్డగా ఉండకూడదు. చివరి వరుస దగ్గర ఒక్కసారి ఆగండి. బజారులో చవకగా దొరికే కిట్లలో చాలావాటి స్థితి అదే. పాజిటివ్ వైరు ఒక్కదానిలోనే ఒక వోల్టు పోతోంది, శిఖరంలో 79 వాట్లు వేడిగా మారుతున్నాయి. యాంప్ దగ్గర 13.8 ఉండాల్సిన చోట 12.8 ఉంటే, లోపల వోల్టేజీ రెగ్యులేషన్ లేని మామూలు యాంప్ పవర్ 14 శాతం తగ్గుతుంది. ఎర్త్ నష్టం దీనికి అదనం.

పాజిటివ్ వైరులో అర వోల్టు లోపు పోతే సరే. అంటే ఈ సెటప్‌కి 16 చదరపు మి.మీ. రాగి అంచు మీద నిలబడుతుంది, 25 నిశ్చింత. సబ్ లేకుండా 4 చానెల్ ఒక్కటే అయితే 10 చాలు. వెయ్యి వాట్ల ఆర్‌ఎంఎస్ మోనో అయితే 35కి తగ్గొద్దు.

రాగి, సీసీఏ, ఓఎఫ్‌సీ

సీసీఏ అంటే అల్యూమినియం తీగ మీద రాగి తొడుగు. పైకి ఎర్రగానే కనిపిస్తుంది. రాగితో పోలిస్తే కరెంటు మోసే గుణం మూడింట రెండొంతులే. ఒక సైజు పెంచి కొంటే ఆ లోటు తీరుతుందని అంటారు. లెక్కకి నిజమే, కానీ అసలు తిప్పలు జాయింట్ల దగ్గర మొదలవుతాయి. అల్యూమినియం ఒత్తిడి కింద నెమ్మదిగా జారుతుంది. ఇవాళ గట్టిగా బిగించిన స్క్రూ ఆరు నెలలకు వదులవుతుంది. వదులైన చోట వేడి పుడుతుంది, వేడికి ఇంకా వదులవుతుంది. పైగా కోసిన కొస దగ్గర రాగి, అల్యూమినియం రెండూ బయటపడి ఉంటాయి. తేమ తగిలితే తెల్లటి పొడి పేరుకుంటుంది. కాకినాడ, విశాఖ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో సీసీఏని బానెట్ కింద పెట్టకపోవడమే మంచిది. అక్కడ కళాయి పూసిన రాగి వైరుకి ఎక్కువ డబ్బు పెట్టడంలో అర్థముంది. వరంగల్లోనో కర్నూల్లోనో అంత అవసరం లేదు.

ఇక ఓఎఫ్‌సీ, అంటే ఆక్సిజన్ తీసేసిన రాగి. దాంతో పాట తియ్యగా వినిపిస్తుందనేది అమ్మకపు మాట. మామూలు ఎలక్ట్రికల్ రాగికీ దానికీ కరెంటు మోయడంలో తేడా ఒక శాతం. ఓఎఫ్‌సీ అన్న మాటకి ఉన్న విలువల్లా, ‘లోపల అల్యూమినియం లేదు’ అని అమ్మేవాడు రాతపూర్వకంగా ఒప్పుకోవడమే.

ఆ మాట నిజమో కాదో తూకం చెబుతుంది. నికరమైన 4 గేజు రాగి కండక్టరు మీటరుకి 188 గ్రాములు తూగుతుంది. అంతే లావు సీసీఏ 75 దాటదు. పది సెంటీమీటర్ల ముక్క కోసి, తొడుగు ఒలిచి, తీగల్ని మాత్రమే చిన్న డిజిటల్ తూకం మీద వెయ్యండి. 19 గ్రాములకు అటూ ఇటూగా వస్తే రాగి, నికరమైన సైజు. 7 వస్తే సీసీఏ. మూడున్నర వస్తే సీసీఏ, పైగా సగం సైజు. తూకం అందుబాటులో లేకపోతే ఒక్క పోగు లాగి లైటరు మంటలో పెట్టండి. రాగి ఎర్రగా కాలి అలాగే నిలుస్తుంది, అల్యూమినియం పోగు వాలిపోయి కొసన చిన్న గుండులా ముడుచుకుంటుంది. బ్లేడుతో గీకి చూసే పద్ధతీ ఉంది గానీ, కళాయి పూసిన అసలు రాగి కూడా పైన తెల్లగానే ఉంటుంది. లోపలి దాకా తెలుపైతేనే అనుమానించండి.

కొనకముందే వేసే లెక్క ఇంకొకటుంది. 5 మీటర్ల నికరమైన 4 గేజులో దాదాపు 940 గ్రాముల రాగి ఉండాలి. ఆ రోజు కిలో రాగి రేటు చూడండి. మొత్తం కిట్ ధర దానికంటే తక్కువుంటే, అందులో ఉన్నది రాగి కాదు.

కిట్టా, విడిగా కొనడమా?

మా ఓటు విడిగా కొనడానికే. కిట్టులో వైరు బాగుంటే ఫ్యూజు హోల్డరు నాసిగా ఉంటుంది, హోల్డరు బాగుంటే ఎర్త్ వైరు సన్నగా ఉంటుంది. పేరున్న కంపెనీ కిట్ మీద ఓఎఫ్‌సీ, కండక్టర్ విస్తీర్ణం రెండూ స్పష్టంగా రాసి ఉంటే తీసుకోండి, సమయం కలిసొస్తుంది. గేజు అంకె తప్ప చదరపు మిల్లీమీటర్లు ఎక్కడా రాయని కిట్ జోలికి పోవద్దు. లావుపాటి రంగు తొడుగు కింద ఎంత కండక్టరు ఉందో చేత్తో పట్టుకుంటే తెలియదు.

విడిగా కొంటే మూడు దారులు. మొదటిది కారు ఆడియో వైరు మీటర్లలో. సన్నటి పోగులు, మెత్తగా వంగుతుంది, ధర ఎక్కువ. రెండోది ఎలక్ట్రికల్ షాపులో దొరికే సింగిల్ కోర్ ఫ్లెక్సిబుల్ రాగి వైరు, ఐఎస్ 694 ముద్రతో, 10, 16, 25 సైజుల్లో. హైదరాబాద్ ట్రూప్ బజారులో గానీ ఏ జిల్లా కేంద్రంలోని పెద్ద ఎలక్ట్రికల్ షాపులో గానీ అడగొచ్చు. సైజు మోసం దాదాపు ఉండదు, అదే దీని బలం. బలహీనత తొడుగు. మామూలు పీవీసీ 70 డిగ్రీలకు చేసింది. రెంటచింతల ఎండలో ట్రాఫిక్‌లో ఆగిన బండి బానెట్ కింద, ఇంజిన్ పక్కన, ఆ హద్దు దగ్గరైపోతుంది. కాబట్టి వేడికి తట్టుకునే 85 డిగ్రీల హెచ్‌ఆర్ రకం అడగండి, ఇంజిన్ గదిలో దానికి కరుగేటెడ్ (ముడతల) పైపు తొడగండి.

మూడోది వెల్డింగ్ కేబుల్, ఐఎస్ 9857. రబ్బరు తొడుగు, వెంట్రుకల్లాంటి పోగులు, నూనెకీ వేడికీ తట్టుకునే హెచ్‌ఓఎఫ్‌ఆర్ రకం. ధరకి తగ్గ పనితనంలో దీన్ని మించింది లేదు. కానీ కొనేటప్పుడు ‘కాపర్’ అని నొక్కి చెప్పండి, అల్యూమినియం వెల్డింగ్ కేబుల్ కూడా పక్కనే చుట్టలు చుట్టి ఉంటుంది. ఇంకో చిక్కు, తొడుగు లావు. సైడ్ సిల్ ప్లాస్టిక్ కింద 25 సైజుది ఇరుకవుతుంది, పట్టకపోతే క్లిప్పులు విరుగుతాయి. కొనకముందే ఆ ప్లాస్టిక్ ఒకటి విప్పి ఖాళీ ఎంతుందో చూసుకోండి.

ఫ్యూజు: దేన్ని కాపాడటానికి?

యాంప్‌ని కాపాడటానికి యాంప్ మీదే ఫ్యూజులున్నాయి. బ్యాటరీ దగ్గర పెట్టేది వైరు అంటుకోకుండా. బానెట్ నుంచి లోపలికి వచ్చే ఇనుప రేకు రంధ్రం దగ్గర తొడుగు కోసుకుపోయి రాగి బాడీకి తగిలితే, 35 ఏహెచ్ చిన్న బ్యాటరీ కూడా వందల ఆంపియర్లు కుమ్మరిస్తుంది. సబ్ పక్కన పెట్టిన ఫ్యూజుకి ఆ సంగతే తెలియదు. అందుకే ఫ్యూజు బ్యాటరీ పాజిటివ్ నుంచి 45 సెంటీమీటర్ల లోపు ఉండాలి, ఎంత దగ్గరైతే అంత మంచిది. బానెట్ కింద ఎలుకలు చేరే వానాకాలంలో దీని విలువ ఇంకా తెలుస్తుంది. కరుగేటెడ్ పైపు ఎలుకని ఆపదు, ఫ్యూజు మంటని ఆపుతుంది.

రకాల్లో ఏజీయూ, గాజు గొట్టం ఫ్యూజు, వద్దు. స్ప్రింగు క్లిప్పు పట్టు మీద ఆధారపడే కాంటాక్టు అది. 40, 50 ఆంపియర్లు నిలకడగా పారితే క్లిప్పు వేడెక్కి పట్టు వదులుతుంది, గొట్టం చివరి టోపీ ఊడొస్తుంది. ‘ఫ్యూజు బాగానే ఉంది గానీ యాంప్‌కి కరెంటు రావట్లేదు’ అనే ఫిర్యాదు సగం ఇక్కడిదే. నట్టుతో బిగించే రకాలు నయం. 60 నుంచి 100 ఆంపియర్ల మధ్య మినీ ఏఎన్‌ఎల్, మిడీ సరిపోతాయి. 100, ఆ పైన ఏఎన్‌ఎల్. బ్యాటరీ టెర్మినల్ మీదే కూర్చునే ఎంఆర్‌బీఎఫ్ రకం చోటు ఆదా చేస్తుంది, ఫ్యూజుకి ముందు రక్షణ లేని వైరు అసలే ఉండదు. కానీ ప్రతి ఊళ్లో దొరకదు, కాలిపోతే స్పేర్ కోసం ఆగాలి. కాబట్టి రెండు కొని ఒకటి డాష్‌బోర్డులో పడేయండి. రీసెట్ బటన్ ఉన్న చవక సర్క్యూట్ బ్రేకర్లు చూడటానికి సౌకర్యంగా ఉంటాయి గానీ, ఇంజిన్ వేడికి రాసిన అంకెకంటే ముందే ట్రిప్ అవుతాయి. బానెట్ కింద వద్దు.

ఫ్యూజు అంకె ఎంపికకి నియమం ఒకటే: వైరు తట్టుకునే హద్దు దాటకూడదు. రాగిలో 10కి 60, 16కి 80, 25కి 125, 35కి 150 ఆంపియర్లు దాటించొద్దు. సీసీఏ అయితే ఒక మెట్టు కిందికి. మన సెటప్‌లో మోనో మీద 30 ఆంపియర్లవి రెండు, 4 చానెల్ మీద 25వి రెండు ఉన్నాయనుకోండి, మొత్తం 110. 25 వైరు మీద 100 ఆంపియర్ల ఏఎన్‌ఎల్ సరిగ్గా సరిపోతుంది. డిక్కీలో 25 నుంచి రెండు 10 వైర్లుగా చీలుతుంది. సైజు తగ్గిన ప్రతిచోటా మళ్లీ ఫ్యూజు కావాలి కాబట్టి ఫ్యూజులున్న డిస్ట్రిబ్యూషన్ బ్లాకే తీసుకోండి, మోనోకి 60, రెండోదానికి 50. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని పెద్దది వేయడం, రేకు ముక్క చుట్టడం చేశారంటే ఇక ఫ్యూజుగా మారేది వైరే.

థింబుళ్లు, క్రింపింగ్

థింబుల్ అంటే వైరు కొసకి నొక్కి, బోల్టుకి బిగించే రింగు. షాపులో రింగ్ లగ్గు అంటే ఒక్కోసారి అర్థం కాదు, ‘కాపర్ థింబుల్ 25–8’ అంటే వెంటనే తీసిస్తారు. 25 అంటే వైరు సైజు, 8 అంటే ఎం8 బోల్టు రంధ్రం. బ్యాటరీ క్లాంప్ బోల్టు ఎం6 అయితే 25–6 అడగండి. పెద్ద రంధ్రం థింబుల్ చిన్న బోల్టు మీద పెట్టి వాషరు వేస్తే కాంటాక్టు సగం పోతుంది. కళాయి పూసిన రాగి థింబుల్ కావాలి. అదే ఆకారంలో అల్యూమినియంవి తేలిగ్గా ఉంటాయి, చేతిలో పెట్టుకుంటే తేడా తెలుస్తుంది.

క్రింపింగా (థింబుల్‌ని టూలుతో వైరు మీద నొక్కెయ్యడం), సోల్డరింగా (టంకం పెట్టడం)? క్రింపింగే. టంకం పోగుల్లోకి పాకి వైరుని పుల్లలా బిగదీస్తుంది, ఇంజిన్ వణుకుడికి ఆ గట్టిభాగం ముగిసిన చోటే పోగులు తెగుతాయి. పైగా మామూలు టంకం 183 డిగ్రీలకే కరుగుతుంది, కాంటాక్టు చెడి వేడెక్కితే జాయింటే ఊడిపోతుంది. కటింగ్ ప్లయరుతో నొక్కింది క్రింపింగ్ కాదు. కేబుల్ పని చేసే ఎలక్ట్రీషియన్ దగ్గర హైడ్రాలిక్ క్రింపింగ్ టూలు ఉంటుంది, ఆరు నొక్కులకు అతనికిచ్చే డబ్బు ఈ పనిలో అన్నిటికంటే బాగా ఖర్చయిన డబ్బు. నొక్కాక వైరు పట్టుకుని గట్టిగా లాగండి, కదలకూడదు. మీద జిగురున్న హీట్ ష్రింక్ స్లీవు వెయ్యండి.

యాంప్ టెర్మినల్‌లో 25 వైరు పట్టకపోతే పోగులు కత్తిరించి దూర్చడం మామూలుగా చేసే తప్పు. అక్కడ పిన్ లగ్గు (కొస సన్నటి పుల్లలా ఉండే లగ్గు) నొక్కి పెట్టండి. బోడి పోగుల్ని అలెన్ స్క్రూ కింద నలిపితే బయటి పోగులు తెగి లోపలే ఉండిపోతాయి.

బ్యాటరీ క్లాంపు విషయంలో మారుతి, హోండా చిన్న కార్ల వాళ్లకి ఒక హెచ్చరిక. 38బీ20ఎల్ రకం బ్యాటరీకి జపాన్ పద్ధతి సన్న పోస్టులుంటాయి, పాజిటివ్ 14.7 మి.మీ., నెగెటివ్ 13. ఆడియో షాపులో మెరిసే బంగారు రంగు క్లాంపులు చాలామటుకు 19.5, 17.9 మి.మీ. లావు పోస్టులకు చేసినవి. పూర్తిగా బిగించినా తిరుగుతుంటాయి. సరైన సైజు ఇత్తడి స్లీవు ఉంటే తప్ప వద్దు. కంపెనీ క్లాంపు బోల్టుకే థింబుల్ బిగిస్తే చాలు.

బాడీ ఎర్త్

పాజిటివ్‌కి 25 వేసి ఎర్త్‌కి 6 వేసే పనితనం ఎన్నో బండ్లలో కనిపిస్తుంది. వచ్చిన కరెంటంతా ఎర్త్ గుండానే తిరిగి వెళ్లాలి కాబట్టి రెండూ ఒకే సైజు ఉండాలి. పొడవు 45 సెంటీమీటర్లకు మించకుండా చూడండి. సీటు బెల్టు బోల్టు ముట్టుకోవద్దు, అది ప్రాణాలు కాపాడే బోల్టు. డిక్కీ నేలలో మందపాటి రేకు ఉన్నచోట, అడుగున పెట్రోలు ట్యాంకు గానీ బ్రేకు పైపు గానీ లేదని కిందికి వంగి చూసుకున్నాక, ఎం8 బోల్టు వెయ్యండి. థింబుల్ ఆనే మేర రంగు, ప్రైమరు పూర్తిగా గీకి లోహం మెరిసేలా చెయ్యండి. పళ్ల వాషరు పెట్టి బిగించి, ఆ తర్వాత పైనుంచి రంగు కొట్టండి. లేకపోతే రెండు వానాకాలాల్లో తుప్పు.

ఎర్త్ వైరుని నేరుగా బ్యాటరీ నెగెటివ్ పోస్టు దాకా లాగడం కొత్త కార్లలో పనికిరాదు. చాలావాటికి నెగెటివ్ పోస్టు మీద కరెంటు కొలిచే సెన్సారుంటుంది. పోస్టుకే కలిపితే యాంప్ లాగే కరెంటు దాని లెక్కలోకి రాదు, డైనమో చార్జింగ్ తప్పుతుంది. సెన్సారు తర్వాత బాడీకే కలపండి.

ఇక కెపాసిటరు సంగతి. 1 ఫారడ్ కెపాసిటరు 14 వోల్టుల నుంచి 13కి దిగేలోపు ఇచ్చే శక్తి 13.5 జౌళ్లు. మన మోనో పూర్తిగా లాగుతుంటే అది సెకనులో యాభయ్యో వంతు. ఆ డబ్బుతో వైరు ఒక సైజు పెంచడం మేలు. అప్పటికీ లైట్లు మిణుకుమంటుంటే డైనమో నుంచి బ్యాటరీ పాజిటివ్‌కి, బ్యాటరీ నెగెటివ్ నుంచి బాడీకి, ఇంజిన్ నుంచి బాడీకి ఉన్న మూడు కంపెనీ వైర్లకు తోడుగా 25 వైర్లు వెయ్యండి, డైనమో వైరుకి ఫ్యూజుతో సహా.

బిగించే వరుస, కొలిచే పద్ధతి

మొదట బ్యాటరీ నెగెటివ్ తీసేయండి. వైరు లాగండి. రేకు దాటే చోట రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకి వైరు కోసుకోకుండా పెట్టే రింగు) తప్పనిసరి. ఉన్న గ్రోమెట్‌లో చిన్న గాటు పెట్టి దూర్చగలిగితే కొత్త రంధ్రం అక్కర్లేదు. ఎర్త్ బిగించి, యాంప్ వైపు బిగించి, హోల్డరులో ఫ్యూజు ఆఖరున పెట్టండి. ఫ్యూజు పెట్టకముందు మల్టీమీటరుతో పాజిటివ్ వైరుకీ బాడీకీ మధ్య కంటిన్యుటీ చూడండి. బీప్ నిలకడగా మోగితే ఎక్కడో తగులుతోంది.

తర్వాత ఇంజిన్ ఆన్‌లో ఉంచి, 50 హెర్ట్జ్ టోను కాసేపు గట్టిగా పెట్టి, డీసీ వోల్టుల్లో మూడు చోట్ల కొలవండి. బ్యాటరీ పోస్టుల మధ్య, యాంప్ టెర్మినళ్ల మధ్య వచ్చిన అంకెల తేడా 0.5 దాటకూడదు. యాంప్ నెగెటివ్‌కీ డిక్కీ లాక్ కొక్కెం లాంటి బోడి లోహానికీ మధ్య 0.1 దాటితే ఎర్త్ బోల్టు దగ్గర రంగు మిగిలింది, మళ్లీ గీకండి. ఫ్యూజు రెండు కొసల మధ్య కూడా 0.1 దాటకూడదు. దాటితే నట్లు బిగించి చూడండి, తగ్గకపోతే హోల్డరు మార్చండి. చేయి పెడితే వెచ్చగా ఉండటం వరకు పర్వాలేదు, పట్టుకోలేనంత వేడైతే ఆపేయండి.

నెల తర్వాత ఒకసారి స్పానరు, అలెన్ కీ పట్టుకుని అన్ని నట్లూ మళ్లీ బిగించండి. కొత్త రాగి పోగులు స్క్రూ కింద సర్దుకుంటాయి, పావు చుట్టు దాకా తిరుగుతాయి.